పాత ఫైబర్‌గ్లాస్ తెరచాప పడవ కొనబోతున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా తూర్పు తీరంలో, ముఖ్యంగా చెసపీక్ బే చుట్టుపక్కల అమ్మకానికి వచ్చే 27 నుంచి 35 అడుగుల పాత క్రూజింగ్ పడవలను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. 1960ల నుంచి 1980ల దాకా తయారైన ఈ పడవలు ఇప్పటికీ వేలల్లో తిరుగుతున్నాయి. లోపల పడుకోవడానికి బెర్తులు, చిన్న వంటగది, టాయిలెట్, ఒక డీజిల్ (కొన్నిట్లో పెట్రోలు) ఇంజిన్ ఉంటాయి.

30 అడుగుల పడవ పాత కారు ధరకే ఇస్తామంటున్నారు. ఇంత చవకగా ఎందుకు?

అడిగే ధర పడవ అసలు ధర కాదు కాబట్టి. 30 అడుగుల పడవకి మాస్ట్‌ని, అంటే తెరచాపలు కట్టే స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు తీగలన్నీ మార్చాలంటే సుమారు 4 నుంచి 8 వేల డాలర్లు. మెయిన్‌సెయిల్ (ప్రధాన తెరచాప), జెనోవా (ముందు తెరచాప) కొత్తవి కుట్టిస్తే మరో 4 నుంచి 6 వేలు. కొత్త డీజిల్ ఇంజిన్ పెట్టిస్తే 12 వేల పైమాటే, 20 వేలు దాటినా ఆశ్చర్యం లేదు. పడవలు బాగుచేసే యార్డును బట్టి ఈ అంకెలు మారతాయి. ఈ మూడూ ఎప్పుడు చేయించారో చెప్పలేని పడవను ఎవరైనా ఉచితంగా ఇచ్చినా అది చవక కాదు. ఇవన్నీ అయిదారేళ్ళలోపు చేయించి, బిల్లులు దాచిన యజమాని రెట్టింపు ధర చెప్పినా ఆ పడవే లాభం.

ఎంత పెట్టి కొన్నా, మొదటి ఏడాది మరమ్మతులకి ఆ ధరలో కనీసం అయిదో వంతు పక్కన పెట్టుకోండి.

ఫైబర్‌గ్లాస్ కుళ్ళదు కదా. మరి వయసుతో పనేముంది?

గాజు పీచు, దాన్ని గట్టిగా పట్టి ఉంచే రెసిన్ కుళ్ళవు, నిజమే. రోడ్ ఐలండ్‌లోని బ్రిస్టల్‌లో పియర్సన్ కంపెనీ 1959లో తెచ్చిన ట్రైటన్ అనే 28 అడుగుల పడవలు ఈరోజుకీ నీళ్ళ మీద ఉన్నాయి. అప్పట్లో ఈ పదార్థం మీద అనుభవం తక్కువ కావడంతో హల్‌ను, అంటే పడవ ఒంటిని, మందంగా పోసేవారు. మన ఆంధ్ర తీరంలో ఫైబర్ బోట్లు చూసినవాళ్ళకి ఈ పదార్థం ఎన్ని దెబ్బలు కాస్తుందో తెలిసే ఉంటుంది.

కుళ్ళేది దాని మధ్యలో దాచిన చెక్క. డెక్, అంటే మనం నడిచే పై తలం, రెండు పల్చటి ఫైబర్ పొరలు, వాటి నడుమ బాల్సా చెక్క లేదా ప్లైవుడ్. లోపలి అడ్డగోడలు ప్లైవుడ్. మాస్ట్ కింద దిమ్మె చాలాసార్లు చెక్కే. వీటికి తోడు గాలి తగలని చోట బిగించిన స్టెయిన్‌లెస్ స్టీలు. అందుకే పాత పడవను చూడటమంటే ఒకే ప్రశ్నను పట్టుకుని తిరగడం: బయట ఉండాల్సిన నీళ్ళు లోపల ఎక్కడెక్కడికి చేరాయి?

సర్వేయర్ (పడవను తనిఖీ చేసే నిపుణుడు) ఎలాగూ చూస్తాడు. నేనెందుకు చూడాలి?

సర్వే, క్రేన్‌తో పైకెత్తడం కలిపి వెయ్యి డాలర్లు దాటుతుంది, అది మీ జేబులోంచే పోతుంది. పనికిరాని నాలుగు పడవలను మీరే రెండేసి గంటల్లో పక్కకి తప్పిస్తే, ఆ డబ్బు అయిదో పడవ మీద ఒక్కసారే ఖర్చవుతుంది.

తీసుకెళ్ళాల్సినవి: మంచి టార్చి, ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి, పిడి ఉన్న చిన్న అద్దం, దబ్బనం, భూతద్దం, మల్టీమీటర్, పాత బట్టలు. వాన వెలిసిన మర్నాడు వెళ్ళగలిగితే మరీ మంచిది, కారే చోట్లు తడిగా కనిపిస్తాయి. పడవలోకి దిగగానే ముందు వాసన చూడండి. బూజు వాసన వస్తే పైనుంచి నీళ్ళు కారుతున్నట్టు. పెట్రోలు వాసన వస్తే ఏ స్విచ్చూ వేయకుండా బయటికి వచ్చేయండి.

డెక్ లోపల తడి చేరిందో లేదో ఎలా తెలుస్తుంది?

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి. డెక్ మీద రెయిలింగ్ కాళ్ళు, క్లీట్లు (తాళ్ళు కట్టే కొమ్ములు), వించ్‌లు (తాళ్ళు బిగించే చక్రాలు), కిటికీలు ఇలా వంద దాకా రంధ్రాలుంటాయి. పడవ తయారైనప్పుడు వేసిన సీలెంట్ ఎండి పగిలి ఉంటుంది. మనిషి రెయిలింగ్ పట్టుకున్న ప్రతిసారీ దాని కాలు వెంట్రుకవాసి కదులుతుంది, ఆ సందులోంచి చుక్క లోపలికి దిగుతుంది. దిగిన నీరు తిరిగి బయటికి రాదు. బాల్సాలో మెల్లగా, ప్లైవుడ్‌లో ఇంకాస్త వేగంగా పక్కలకి పాకుతుంది. అమెరికా ఉత్తర రాష్ట్రాల చలికి అది గడ్డకట్టి ఉబ్బి, ఫైబర్ పొరను చెక్క నుంచి ఊడదీస్తుంది.

ముందు చెప్పుల్లేకుండా నడవండి. ఎక్కడైనా కాలి కింద మెత్తగా దిగినట్టనిపించినా, అడుగు వేయగానే రంధ్రం పక్కనుంచి గోధుమరంగు నీళ్ళు చిమ్మినా ఇక సందేహం లేదు. తర్వాత సుత్తితో రెండేసి అంగుళాలకి ఒక దెబ్బ చొప్పున తట్టుకుంటూ వెళ్ళండి. సంతలో కుండను తట్టి చూసి కొన్నట్టే. గట్టి డెక్ "టక్ టక్" అని చురుగ్గా పలికి సుత్తిని వెనక్కి ఎగరేస్తుంది. పొర ఊడిన చోట "డబ్" అని చచ్చిన శబ్దం వస్తుంది, సుత్తి ఎగరదు. శబ్దం మారిన చోటల్లా పెయింటర్ టేపు ముక్క అంటించండి. పని అయ్యాక దూరంగా నిలబడి చూస్తే జబ్బు పటం కళ్ళ ముందుంటుంది. డెక్ అడుగున దూలమో అడ్డగోడో ఉన్నచోట కూడా శబ్దం మారుతుంది కాబట్టి లోపలికి దిగి సరిపోల్చుకోండి.

తేమ మీటరు సాయం చేస్తుంది కానీ దాన్నే నమ్ముకోకండి. అడుగున లోహపు పలక ఉన్నా, పైన మంచు తడి ఉన్నా ఎక్కువ చూపిస్తుంది. తడిసిన చెక్క గడ్డకట్టి ఉంటే తక్కువ చూపించి మోసం చేస్తుంది.

ఒక క్లీట్ చుట్టూ చేటంత తడి అయితే భయపడక్కర్లేదు. పై పొర కోసి, కుళ్ళిన చెక్క తవ్వి, కొత్తది ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అంటించి, మళ్ళీ ఫైబర్ వేయాలి. ఓపికున్నవాళ్ళు సొంతంగా చేసుకోవచ్చు. డెక్‌లో మూడో వంతు పలకకపోతే అది వందల గంటల పని. పై నుంచి టేకు పలకలు స్క్రూలతో బిగించిన డెక్ అయితే ఆ రంధ్రాలు వందల్లో కాదు, వేలల్లో ఉంటాయి. ఎంత అందంగా కనిపించినా టేకు డెక్ పాత పడవను మొదటిసారి కొనేవాళ్ళకి మేం సిఫారసు చేయం.

కొన్నాక చేయాల్సిన మొదటి పని కూడా ఇదే. ప్రతి ఫిట్టింగూ ఊడదీసి, రంధ్రం చుట్టూ అర అంగుళం మేర చెక్క తవ్వి, చిక్కటి ఎపాక్సీతో నింపి, అది గట్టిపడ్డాక దాని మధ్యలోంచి మళ్ళీ రంధ్రం వేసి, బ్యూటైల్ టేపుతో (నీరు చొరని సాగే జిగురు పట్టీతో) బిగించండి. ఆ తర్వాత సీలెంట్ కారినా నీరు చెక్కను తాకదు.

పైన సన్న పగుళ్ళు కనిపిస్తున్నాయి. ప్రమాదమా?

వాటి ఆకారం చూడండి. సాలెగూడులా ఒక కేంద్రం నుంచి చుట్టూ పాకితే అక్కడ ఏదో బరువైనది పడింది. రెయిలింగ్ కాలి చుట్టూ కిరణాల్లా ఉంటే దాన్ని ఎవరో గట్టిగా లాగారు, అడుగున పట్టుపలక చాల్లేదు. కాక్‌పిట్ (పడవ నడిపేవాళ్ళు కూర్చునే చోటు) మూలల్లో వరసగా, సమాంతరంగా ఉంటే ఆ భాగం వంగుతోంది. చాలా మటుకు పై పూత అయిన జెల్‌కోట్‌కే పరిమితం. అయితే హల్ పక్కన సమాంతర పగుళ్ళు కనిపించి, లోపలివైపు సరిగ్గా అక్కడే అడ్డగోడ అతుకు ఊడి ఉంటే ఆగి ఆలోచించాలి.

అడుగున బొబ్బలు ఉన్నాయి. వదిలేయాలా?

చాలాసార్లు అక్కర్లేదు. పాలియెస్టర్ రెసిన్ గుండా నీటి ఆవిరి మెల్లగా లోపలికి దిగి, సరిగ్గా గట్టిపడని రసాయనాలను కరిగిస్తుంది. ఆ చిక్కటి ద్రవం మరింత నీటిని లాక్కుని ఉబ్బుతుంది. ఒక బొబ్బను దబ్బనంతో గుచ్చితే ఒత్తిడితో చిమ్ముతుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి. వేళ్ళ మధ్య జిగురుగా ఉండి, వెనిగర్‌లా పుల్లటి వాసన వస్తే అది అసలైన బొబ్బ. వట్టి నీళ్ళయితే పెయింట్ పొర మాత్రమే లేచింది.

రూపాయి బిళ్ళంత బొబ్బలు పదో ఇరవయ్యో ఉంటే గీకి, ఆరబెట్టి, ఎపాక్సీ పూడిస్తే చాలు. వేలల్లో ఉంటే జెల్‌కోట్ మొత్తం చెక్కి, నెలల తరబడి ఆరబెట్టి, ఎపాక్సీ పూతలు వేయాలి. ఆ ఖర్చు ఒక్కోసారి పడవ ధరనే మించుతుంది. అలాగని బొబ్బలతో మునిగిన పడవలు అరుదు. బొబ్బ అంటే ధర తగ్గించమని బేరమాడే అవకాశం, చాలా మటుకు అంతే.

ఒక మినహాయింపు ఉంది. వాషింగ్టన్ రాష్ట్రంలో యూనిఫ్లైట్ యార్డు 1970ల చివర్లో మంటను తట్టుకునే రెసిన్‌తో పోసిన వేలియంట్ 40 పడవల్లో బొబ్బలు డెక్ మీదా, నీటిగీతకు పైనా కూడా లేచాయి. అలాంటి చరిత్ర ఉన్న మోడల్ అయితే ముందే చదువుకుని వెళ్ళండి. బొబ్బలను పడవ పైకెత్తిన గంటలోపే చూడాలి. వారం ఆరితే చిన్నవి కుంగిపోయి కనిపించవు.

కీల్‌ను ఎలా పరీక్షించాలి?

కీల్ అంటే పడవ అడుగున వేలాడే సీసం లేదా ఇనుప దిమ్మె. కొన్నిటికి అది ఫైబర్ లోపలే పోసి ఉంటుంది, కొన్నిటికి బోల్టులతో బయట బిగించి ఉంటుంది.

బోల్టుల కీల్ అయితే యార్డువాళ్ళని ఒక్క మాట అడగండి: పడవ క్రేన్ పట్టీల్లో వేలాడుతున్నప్పుడే పది నిమిషాలు ఆపమనండి. అప్పుడు కీల్ బరువంతా బోల్టుల మీదే ఉంటుంది, అతుకు వదులైతే ముందు అంచున గీత తెరుచుకుని కనిపిస్తుంది. కింద దిమ్మెల మీద దించగానే అదే గీత మూసుకుపోతుంది. తొలినాళ్ళ కాటలినా 30 పడవల్లో ఈ పగులు మామూలే, వాడకందార్లు దాన్ని "కాటలినా నవ్వు" అంటారు. కీల్ పైనున్న ఫైబర్ దిమ్మెలో ప్లైవుడ్ పెట్టడం, అది తడిసి నలగడం దానికొక కారణం. మళ్ళీ బిగిస్తే సరిపోయేవి కొన్ని, చెక్క తీసి గట్టి ఫైబర్ పోయాల్సినవి కొన్ని. గీత లోంచి తుప్పు నీరు రోజంతా ఊరుతుంటే రెండో రకం.

లోపల బోల్టు తలలు చూడండి. పైన కాస్త తుప్పు పర్వాలేదు. నట్ కింద స్టీలు సన్నబడితే మార్చాల్సిందే. తర్వాత కీల్ వెనక అంచు దగ్గర హల్ లోపలికి అద్దం పెట్టి చూడండి. పడవ వేగంగా వెళ్ళి బండకి తగిలితే కీల్ అడుగు వెనక్కి తన్ని, దాని వెనక అంచు పైకి, హల్‌లోకి గుద్దుతుంది. అక్కడి అడ్డపట్టీలు చిట్లి ఉంటే, బయట ఎంత నున్నగా పుట్టీ పెట్టినా, దెబ్బ తగిలినట్టే.

చుక్కాని సంగతి?

రెండు ఫైబర్ చిప్పలు, మధ్యలో నురుగు, దానిలో స్టీలు కడ్డీకి వెల్డింగ్ చేసిన పలకలు: చుక్కాని అంటే ఇదే. కడ్డీ పైనుంచి నీరు దిగుతుంది, వెల్డింగ్ లోపలే తింటుంది. పడవ ఎత్తిన మర్నాడు చుక్కాని అడుగు అంచునుంచి గోధుమరంగు చుక్కలు రాలుతుంటే లోపల తుప్పు ఉంది. ఇద్దరు కలిసి, ఒకరు స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఒకరు చుక్కానిని తిప్పండి. స్టీరింగ్ కదలకుండా చుక్కాని తిరిగితే లోపలి పలకలు ఊడాయి. దానితో సముద్రంలోకి వెళ్ళకండి.

మాస్ట్, తీగలు చూడ్డానికి మెరుస్తున్నాయి. చాలదా?

చాలదు. స్టెయిన్‌లెస్ స్టీలు గాలి తగిలితేనే తుప్పు పట్టదు. తడి ఉండి గాలి ఆడని సందులో లోలోపల పగులుతుంది. తీగలను హల్‌కి పట్టి ఉంచే చైన్‌ప్లేట్ అనే పట్టీకి సరిగ్గా ఇదే గతి. డెక్ పైన మెరుస్తుంది, డెక్ కింద మెరుస్తుంది, డెక్ మందంలో కనిపించని అంగుళం మేర తినేసి ఉంటుంది. అది తెగితే మాస్ట్ మొత్తం కూలుతుంది.

కేబిన్‌లో అది బిగించిన అడ్డగోడ దగ్గరికి వెళ్ళండి. పట్టీ పక్కనుంచి కన్నీటి చారలా గోధుమ మరక దిగుతుందా? ప్లైవుడ్ నల్లబడిందా? బోల్టు పక్కన దబ్బనం గుచ్చితే గట్టి చెక్కలో కొస మాత్రమే దిగాలి. వేలి కణుపు మేర దిగితే ఆ గోడ కుళ్ళింది. యజమాని ఒప్పుకుంటే ఒక పట్టీ ఊడదీయించి, భూతద్దంతో రంధ్రాల చుట్టూ అడ్డ పగుళ్ళు వెతకండి. ఒప్పుకోకపోతే అన్నీ మార్చే ఖర్చు మీ లెక్కలో వేసుకోండి.

తీగలకి సాధారణంగా 10 నుంచి 15 ఏళ్ళు. కాటన్ గుడ్డ పట్టుకుని పై నుంచి కిందికి తుడిస్తే తెగిన పోగు గుడ్డని పట్టేస్తుంది. ఒక్క పోగు తెగినా ఆ తీగ పనికిరాదు. కింది చివరన నొక్కి బిగించిన గొట్టాల్లో నిలువు పగుళ్ళు ఎక్కువ. ఫ్లోరిడా, కరీబియన్‌లలో తిరిగిన పడవలకి వేడి, ఉప్పు కలిసి ఈ గడువు తగ్గుతుంది. గ్రేట్ లేక్స్ పడవలకి మంచినీళ్ళు, చిన్న సీజను కాబట్టి తీగలు ఎక్కువ కాలం వస్తాయి. హల్ బొబ్బలు మాత్రం మంచినీళ్ళలోనే త్వరగా లేస్తాయి.

మాస్ట్ డెక్ మీద నిలబడే రకమైతే దాని పక్కన స్కేలు పెట్టి డెక్ కుంగిందేమో చూడండి. లోపల టాయిలెట్ తలుపు మూతపడకపోయినా, తీగలు ఎంత బిగించినా వదులవుతున్నా మాస్ట్ కింద దిమ్మె నలిగినట్టే.

ఇంజిన్ ఎలా చూడాలి?

చల్లగా ఉన్నప్పుడు. మీరు వచ్చేసరికి ఇంజిన్ వెచ్చగా ఉంటే "ఇంకోరోజు వస్తాం" అని చెప్పండి. చలికి స్టార్ట్ కాని ఇంజిన్‌ను ముందే వేడిచేసి ఉంచడం పాత అలవాటు. ఆయిల్ కర్ర లాగి చూస్తే డీజిల్‌లో నలుపు సహజం, పాల మీగడలా ఉంటే నీళ్ళు కలిశాయి. స్టార్ట్ అవగానే వెనక పొగ గొట్టంలోంచి నీళ్ళు కూడా ఉమ్ముతుండాలి. నల్ల పొగ అంటే భారమో, గాలి చాలకపోవడమో. నీలిపొగ అంటే ఆయిల్ కాలుతోంది. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే కాలని డీజిల్ కానీ, ఆవిరి కానీ.

నీళ్ళ మీద పది నిమిషాలు పూర్తి వేగంతో నడపమనండి. యాన్మార్ 2జీఎం20ఎఫ్ లాంటి ఇంజిన్ 3600 ఆర్‌పీఎం అందుకోవాలి. 2800 దగ్గరే ఆగిపోతే అడుగున నాచు పట్టిందో, ప్రొపెల్లర్ తప్పుదో, పొగ గొట్టపు మూల మసితో పూడిందో తేల్చాలి. మూడోది చాలా మామూలు, ఆ మూల విప్పితే వేలు కూడా దూరని సందు మిగిలి ఉంటుంది. ఇంజిన్ గంటల మీటరును పట్టించుకోకండి. తక్కువ నడిచి ఏళ్ళ తరబడి నిలిచిపోయిన ఇంజిన్ కంటే, ఏటా వంద గంటలు తిరిగినదే నయం.

అటామిక్ 4 పెట్రోలు ఇంజిన్ ఉంది. భయపడాలా?

1947 నుంచి 1984 దాకా తయారైన 30 హార్స్‌పవర్ ఇంజిన్ అది, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి, బాగుచేయడం సులువు. భయం ఇంజిన్‌తో కాదు, ఆవిరితో. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగున చేరుతుంది. స్టార్ట్ చేసేముందు ఆ ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ ఫ్యాన్ కనీసం 4 నిమిషాలు నడవాలి, ఆ తర్వాత కూడా ముక్కుతో చూడాలి. ట్యాంకు, పైపులు పాతవైతే బేరంలోనే మార్పించండి.

నీటిగీత కింద రంధ్రాలకి ఉన్న కవాటాలు?

ప్రతి ఒక్కదాన్నీ మీ చేత్తో తిప్పండి. ఈ కవాటాన్నే సీకాక్ అంటారు, తిరగని సీకాక్ లేనట్టే లెక్క. పెరటి కుళాయిలా గుండ్రటి పిడి ఉన్న ఇత్తడి గేట్ వాల్వు అయితే, చాకుతో గీకండి. పసుపు బదులు గులాబీ రంగు కనిపిస్తే జింకు కరిగి రాగి గుల్ల మాత్రం మిగిలింది, చేతిలో విరుగుతుంది. అమెరికా పడవల ప్రమాణాలు రాసే ఏబీవైసీ నియమం ప్రకారం సీకాక్ 500 పౌండ్ల బరువును 30 సెకన్ల పాటు తట్టుకోవాలి. పాత ఇత్తడి కవాటం మీద కాలు కూడా పెట్టకండి.

కరెంటు, గ్యాసు?

ఇంటి వైరింగ్‌లో వాడే ప్లాస్టిక్ టోపీలు కనిపిస్తే ఆ పని తెలియనివాళ్ళు చేశారు. ఒడ్డు కరెంటు తగిలించే 30 ఆంప్ సాకెట్ మొనలు గోధుమరంగుకి మాడి ఉంటే మంటకి ముందు మెట్టు. గ్యాసు పెట్రోలు ఆవిరిలాగే కిందికి దిగుతుంది కాబట్టి సిలిండర్ అరకు అడుగున బయటికి గొట్టం ఉండాలి. సిలిండర్ తెరిచి, పొయ్యి ఆపి, సిలిండర్ మూసి గేజి చూడండి. కనీసం 3 నిమిషాలు ముల్లు కదలకూడదు.

శీతాకాలంలో చవగ్గా వస్తాయంటారు. అప్పుడు కొనొచ్చా?

ధర తగ్గేది నిజమే. అయితే పడవ ఒడ్డున, ఇంజిన్‌లో యాంటీఫ్రీజ్‌తో ఉంటుంది. నీళ్ళ మీద నడిపి చూడలేరు. వసంతంలో ఇంజిన్, తెరచాపలు పరీక్షించేదాకా కొంత డబ్బు ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి దగ్గర, ఉంచే షరతు రాయించుకోండి.

కాగితాల్లో ఏం చూడాలి? గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్ళు కొనొచ్చా?

కొనొచ్చు. చాలామంది మనవాళ్ళకి తెలియని మెలిక ఒకటుంది: కోస్ట్ గార్డ్ దగ్గర డాక్యుమెంటేషన్, అంటే పడవను కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు చేయడం, అమెరికా పౌరులకే. హెచ్‌1బీ, గ్రీన్ కార్డు వాళ్ళు రాష్ట్ర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. అమ్మే పడవ డాక్యుమెంటెడ్ అయితే ఆ నమోదును అమ్మేవారి చేతే రద్దు చేయించాలి, ఆ తర్వాతే రాష్ట్రానికి మారుతుంది. దీన్ని ఒప్పందంలోనే రాయండి.

అలాంటి పడవకి వెస్ట్ వర్జీనియాలోని నేషనల్ వెసెల్ డాక్యుమెంటేషన్ సెంటర్ నుంచి టైటిల్ అబ్‌స్ట్రాక్ట్ (యాజమాన్య చరిత్ర పత్రం) తెప్పించండి, అందులో బ్యాంకు అప్పులు ఉంటాయి. మెరీనా (పడవలు నిలిపే రేవు) బాకీలు మాత్రం ఎక్కడా నమోదు కాకున్నా పడవతోపాటే మీకు వస్తాయి. పడవ నిలిపిన మెరీనా ఆఫీసుకి వెళ్ళి బాకీ లేదని రాయించుకోండి. 1972 నవంబరు 1 తర్వాత తయారైన ప్రతి పడవకీ వెనక కుడి మూలన 12 అక్షరాల హల్ నంబరు ఉంటుంది. అది కాగితాల్లో ఉన్నదానితో అక్షరం అక్షరం కలవాలి.

సర్వేయర్‌ను ఎవరు ఎంచుకోవాలి?

మీరే. బ్రోకర్ సూచించిన మనిషిని కాదు. సామ్స్ లేదా నామ్స్ అనే పడవ సర్వేయర్ల సంఘంలో సభ్యుడై, తెరచాప పడవలు ఎక్కువ చూసినవాడై ఉండాలి. రోజంతా పక్కన ఉండనిస్తారా అని ముందే అడగండి, వద్దనేవాళ్ళని వదిలేయండి. చాలామంది సర్వేయర్లు ఇంజిన్ లోతుగా చూడరు, మాస్ట్ ఎక్కరు. వాటికి మెకానిక్‌ను, రిగ్గర్‌ను (మాస్ట్, తీగల పనివాడిని) విడిగా పిలవాలి. మామూలు పద్ధతిలో 10 శాతం అడ్వాన్సు ఇచ్చి, సర్వే తృప్తిగా లేకపోతే తిరిగి వచ్చేలా తేదీతో సహా రాసుకుంటారు. ఆ తేదీ దాటితే అడ్వాన్సు చిక్కుల్లో పడుతుంది. బీమా కంపెనీ కూడా ఆ సర్వే నివేదికే అడుగుతుంది, కాబట్టి కొనకముందే వాళ్ళతో మాట్లాడండి. తీగల వయసు చూసి బీమా నిరాకరించే కంపెనీలున్నాయి.

ఏం కనిపిస్తే మాట్లాడకుండా వెనక్కి తిరగాలి?

డెక్‌లో మూడో వంతు చచ్చిన శబ్దం. తుప్పు నీరు ఊరే కీల్ అతుకు, లోపల చిట్లిన అడ్డపట్టీలు. చైన్‌ప్లేట్ గోడ కుళ్ళడం, తీగల వయసు ఎవరికీ తెలియకపోవడం, ఈ రెండూ కలిసినప్పుడు. తిరగని ఇంజిన్ ఉన్న పడవకి "కొంచెం ట్యూనింగ్ చాలు" అనే మాట. మునిగి తేలిన పడవ: అరల పైభాగంలో బురద గీత, వైర్ల కొసల్లో పచ్చటి చిలుం దాన్ని పట్టిస్తాయి. వీటిలో ఒక్కటే ఉండి, ధర దానికి తగ్గట్టు దిగి, బాగుచేసే చేయీ చోటూ మీకుంటే కూర్చుని లెక్క వేయండి. రెండు కనిపిస్తే టార్చి సర్దుకుని తర్వాతి పడవ దగ్గరికి నడవండి.